తాయెత్తు కింద ఎర్ర అక్షరాలు

బెగాయిమ్ కోపం వస్తే అరవదు, దాచుకుంటుంది. బిష్కెక్‌లోని ఆ చిన్న ఆఫీసులో ఈ సంగతి అందరికీ తెలుసు, యజమాని జేనిష్‌కి తప్ప. అతను తన గొంతు తప్ప ఇంకొకటి వినే రకం కాదు.

గుర్రాల కాపరులు వాడే వెబ్‌సైటు చూసుకోవడం ఆమె పని. గుర్రం మెడలో ఒక పరికరం ఉంటుంది. గుర్రం హద్దు దాటితే కాపరి ఫోన్లో, ఆ పేజీ పైభాగంలో, ఎర్ర అక్షరాల హెచ్చరిక రావాలి. మార్చి చివర్లో నరీన్ ఊరి దగ్గర సతార్ అనే ముసలాయన గుర్రాలు పలచబడ్డ నది మంచు మీదికి పోయాయి. పేజీ ఆయన ఎదుటే తెరిచి ఉంది, హెచ్చరిక మాత్రం కనపడలేదు. మూడు ఆడగుర్రాలు మునిగిపోయాయి.

ఆయన ఆఫీసుకు వచ్చిన రోజు జేనిష్ టీ పోసి, బెగాయిమ్‌ని చూపించాడు.

"అంతా ఈ అమ్మాయి నిర్లక్ష్యం పెద్దయ్యా. నేను గడ్డి పెడతాలెండి."

బెగాయిమ్ రొట్టె ముందుకు జరిపింది. అక్కడి ఆచారం ప్రకారం ఎంత తొందరలో ఉన్నా అతిథి ఒక ముక్క తుంచి నోట్లో వేసుకోవాలి. సతార్ ఆ రొట్టెను వేలితో కూడా తాకకుండా లేచి వెళ్లిపోయాడు. ఆమెకు ఒళ్లంతా మండిపోయింది. ఆ మంటంతా జేనిష్ మీదే.

తప్పు కోసం ఆమె గాలించని చోటు లేదు. హెచ్చరిక ఇక్కడి నుంచి వెళ్లింది, సతార్ ఫోనుకు చేరింది. తన తెరమీద చక్కగా కనపడుతోంది కూడా. దొంగ దొరికాడా అని జేనిష్ వస్తూ పోతూ ఎకసెక్కాలాడేవాడు. చివరికి ఒకరోజు ఆమె ఆఫీసు పేజీ పక్కనపెట్టి, కాపరులకు కనపడే పేజీ తెరిచింది.

దాని పైభాగాన ముక్కోణపు తాయెత్తుల పట్టీ ఒకటి వెలిగిపోతోంది. మార్చిలో వచ్చిన నూరూజ్ కొత్తేడాది పండక్కి జేనిష్ స్వయంగా పెట్టిన అలంకారం అది. గుర్రప్పిల్ల మెడలో తాయెత్తు మీద ఇంకేదీ ఉండకూడదని అతని తల్లి చెప్పిందట. అందుకని అయ్యగారు దాన్ని పేజీలో అన్నిటికంటే పైన ఉండేలా పెట్టారు, పండగయ్యాక తీయడం మరిచిపోయారు. ఆఫీసు పేజీలో అది ఉండదు. బెగాయిమ్ పట్టీని పక్కకు జరిపింది. కింద ఎర్ర అక్షరాలు. ప్రతి హెచ్చరికా వచ్చింది, వచ్చి తాయెత్తు చాటున పడి ఉంది.

తీసేయడం నిమిషం పని. చెయ్యి అక్కడిదాకా వెళ్లి ఆగింది. ఇప్పుడు తీస్తే జేనిష్ చడీచప్పుడు లేకుండా సర్దేసుకుని, మేమే బాగుచేశామని మీసం మెలేస్తాడు. వచ్చే వారం, కొండ మేతకు కదిలే ముందు, నరీన్‌లో కాపరులంతా చేరి ఈ వెబ్‌సైటు పెట్టినందుకు అతనికి కుట్టుపని చేసిన పొడవాటి అంగీ, చపాన్, కప్పబోతున్నారు. అక్కడ, అందరి ముందు, పరువు తీయాలి. అనుకోగానే ఆమె ప్రాణానికి హాయిగా అనిపించింది.

ఆ రోజు రానే వచ్చింది. బెగాయిమ్ తన చేత్తో కాల్చిన రొట్టె తీసుకెళ్లి సతార్ ముందు పెట్టింది. నిజం తెలిశాక ఆయన తుంచి తినాలి. జేనిష్ చపాన్‌లో ఒక చెయ్యి దూర్చాడో లేదో ఆమె లేచి, గుడారం గోడకు కట్టిన పెద్ద తెరపై కాపరుల పేజీ తెరిచి, పట్టీని తీసిపారేసింది. ఎర్ర అక్షరాలు వరసకట్టి బయటపడ్డాయి.

"ఈ పట్టీ పెట్టింది ఈయన. నాకు పోయిన వారమే దొరికింది. మీ అందరి కళ్లముందు విప్పాలనే ఆగాను."

గుడారమంతా గొణుగుడు మొదలైంది. సతార్ కళ్లజోడు పెట్టుకుని అన్నిటికంటే పైనున్న వరసను నెమ్మదిగా చదివాడు.

"తెల్లనుదురు. లోయ అంచు. మొన్న పొద్దున." కళ్లజోడు తీశాడు. "నా ఆడగుర్రమే. నిన్న లోయ అడుగున దొరికింది. పిల్ల ఇంకా పాలకు ఏడుస్తోంది."

సతార్ ఆమె వైపు తిరిగాడు.

"పోయిన వారమే తెలుసన్నావు కదూ తల్లీ?"

జేనిష్ ఒక చేతికి మాత్రమే చపాన్ తొడుక్కుని నిలబడిపోయాడు. ఆ మొహం చూడాలనే బెగాయిమ్ ఇన్నాళ్లూ కాచుకుంది, ఇప్పుడు తల ఎత్తలేకపోయింది.

సతార్ రొట్టెను తుంచకుండానే గుడ్డలో జాగ్రత్తగా చుట్టి, తెచ్చి ఆమె చేతిలో పెట్టి, గుర్రప్పిల్ల దగ్గరికి వెళ్లాలంటూ బయటికి నడిచాడు.