బస్రా బానిస కథ, నా పాస్‌పోర్టు

కువైట్‌ మీద ఇరాక్ సైన్యం వచ్చిపడ్డ రోజుల గురించి మా కడప వైపు ఎన్నో సభలు జరిగాయి. బస్సుల్లో తప్పించుకొచ్చినవాళ్లనే వేదిక ఎక్కించారు. రాలేకపోయిన నన్ను ఒక్కరూ పిలవలేదు. పిలవకపోయినా చెబుతాను.

కువైట్‌లోని జహ్రాలో ఒక ఇంట్లో వంటవాణ్ణి. నా కఫీల్, అంటే నాకు వీసా ఇచ్చి పెట్టుకున్న యజమాని, భార్యాబిడ్డలతో కారెక్కి సౌదీకి పారిపోయాడు. మంచం దిగలేని తల్లిని నాకు వదిలాడు. అందరు కఫీళ్లలాగే నా పాస్‌పోర్టు ఇనప్పెట్టెలో పెట్టి, తాళంచెవి ఆమె మెడలో వేశాడు. నాకొక్క మాట చెప్పలేదు.

వీధిలో ట్యాంకులు. కిటికీలకు దుప్పట్లు కట్టుకుని లోపలే ఉండిపోయాం. నేను పప్పు ఏరుతుంటే మామా, అరబీలో అమ్మా అని, ఆ ముసలామెను అలాగే పిలిచేవాణ్ణి, పూర్వకాలపు సూఫీ సాధ్వి ఒకామె సంగతులు చెప్పేది. ఆమె బస్రాలో బానిసట. పగలు చాకిరీ, రాత్రి ప్రార్థన. ప్రార్థనలో ఆమె తలచుట్టూ వెలుగు చూసి యజమాని భయపడి, తెల్లారగానే విడిచిపెట్టాడట.

"నరకానికి భయపడి మొక్కినా, స్వర్గం ఆశించి మొక్కినా అది భక్తి కాదనేది. ప్రేమ ఒక్కటే ఉండాలంట."

"నాకు ఆ రెండే ఉన్నాయి మామా. సిపాయిలంటే భయం, నీ మెడలో తాళంచెవి మీద ఆశ," అన్నాను నాకొచ్చిన అరబీలో.

నవ్వింది. తాళంచెవి తియ్యలేదు.

ఒక పొద్దున, షువైఖ్‌లో లారీ నడిపే కోనసీమ మిత్రుడు వచ్చాడు.

"బస్సులు బస్రా మీదుగా జోర్డాన్ పోతున్నాయండీ. మధ్యాహ్నానికల్లా వచ్చేయండి. పాస్‌పోర్ట్ లేకపోతే దారిలో దింపేస్తారంట."

"అది పెట్టెలో ఉండాది. తాళంచెవి ముసలామె మెడలో."

"తెంపుకు రాలేరా ఏంటండీ?"

"ఆడమనిషి మెడలోది ఎట్ట తెంపేది? అడిగి తీసుకుంటా."

"అడుగుతా కూచోండి. బస్సుకి మీ మర్యాదలు తెలవ్వు."

వెళ్లి అడిగాను.

"నా కొడుకు ఇవ్వొద్దన్నాడు. ఇది అమానత్, వాడు నమ్మి అప్పగించింది," అంది.

"బస్రా యజమాని ఎవరినడిగి వదిలాడు మామా?"

గోడవైపు తిరిగి పడుకుంది. బస్సు పోయింది. యుద్ధం ముగిసేదాకా ఆమెకు గంజి కాచి పోస్తూ ఆ ఇంట్లోనే ఉన్నాను.

కఫీల్ తిరిగొచ్చి పగిలిన కిటికీలు చూసుకున్నాడు, నా మొహం చూడలేదు. కొన్నాళ్లకు మామా పోయింది. ఇప్పటికీ ఊరి నుంచి ఫోన్ చేసి ఆ తాళంచెవి సంగతి అడిగితే "ఖలాస్, అయిపోయిన సంగతి" అని పెట్టేస్తాడు. నాకు అయిపోలేదు. కఫీల్, తాళంచెవి ఇవ్వొద్దని నిజంగా నువ్వే చెప్పావా? ఒంటరిగా చస్తానన్న భయంతో నీ తల్లే ఆ మాట అల్లిందా? ఆమె భయమైతే క్షమిస్తాను. నీ మాటైతే క్షమించను. ఏది నిజమో చెప్పు.