నీళ్లకు ఎదురు నడక

ఆదివారం సాయంత్రం పిల్లల్ని తీసుకుని సినిమాకు పోయే కుటుంబాలు ఉంటాయి, చుట్టాల ఇళ్లకు పోయే కుటుంబాలు ఉంటాయి. మా అత్తవారింట్లో మాత్రం అందరూ కలిసి విజయవాడ వన్ టౌన్ వీధుల్లో నడిచేవారు. పెళ్లయిన కొత్తలో నాకది మహా చిరాగ్గా ఉండేది. మేమున్నదే వన్ టౌన్‌లో. రోజూ పాలకీ కూరలకీ తిరిగే వీధుల్లోనే ఆదివారం మళ్లీ ఇస్త్రీ చీర కట్టుకుని తిరగడం ఏమిటి? మనసులో ఉంచుకునే అలవాటు లేదు కనక మామగారితో అనేశాను.

"కూరలకెళ్తే కూరలే కనపడతాయమ్మా. ఊరు చూడాలంటే పనేం లేకుండా వెళ్లాలి," అన్నారాయన.

"పనేం లేకుండా ఉండటం మగవాళ్లకే కుదురుతుంది లెండి," అన్నాను.

ఆయన నొచ్చుకోలేదు. కాసేపు ఆలోచించి, ఇకమీదట ఆదివారం రాత్రి ఇంట్లో పొయ్యి వెలిగించక్కర్లేదని, బజ్జీలూ అరటిపళ్లూ తిని పడుకుందామని తేల్చారు. నేను అప్పటివరకు వాదించి గెలిచింది లేదు ఆ ఇంట్లో. అందుకని నడవడానికి ఒప్పుకున్నాను.

మా అత్తగారు నేను రాకముందే పోయారు. ఇంట్లో మామగారు, మా ఆయన, నేను. తర్వాత మా అమ్మాయి. మామగారు ఒక బెల్లం కొట్లో గుమస్తాగా చేసి మానేశారు. చేతులు వెనక్కి కట్టుకుని ముందు ఆయన, భుజాల మీద పిల్లతో ఆ వెనక మా ఆయన, అందరికంటే వెనక సణుగుతూ నేను. శివాలయం వీధి వెనక సందులోంచి బయటపడి, ఉల్లిపాయల బస్తాలూ ఎండుమిర్చి ఘాటూ దాటుకుని, ఇస్లాంపేటలోకి వచ్చేవాళ్లం. అక్కడ అత్తరు కొట్టు సాయిబుగారు మా అమ్మాయి మణికట్టు మీద ఒక చుక్క రాసేవారు. అది చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకునే తక్కిన దారంతా నడిచేది.

మామగారు ఏ రాజు ఏది కట్టించాడో చెప్పే మనిషి కాదు. "ఈ అరుగు మీద పడవలవాళ్లు పడుకునేవాళ్లు. ఈ మేడమీద కిటికీలోంచి ఒక ముసలమ్మ తాడు కట్టిన బుట్ట దించేది, కింద తమలపాకులవాడు అందులో కట్ట వేసేవాడు." ఇలాంటివే చెప్పేవారు. చెక్క స్తంభాల ఇళ్లు, ఇనప కటకటాల మేడలు, కొండ మీదికి నిచ్చెనల్లా పాకిన మెట్లు, మెట్ల మీద బట్టలారేసిన ఇళ్లు. వాటి ముందునుంచి రోజూ పోయేదాన్నే. కానీ ఆయన చెప్పాకే వాటిలో మనుషులున్నట్టు అనిపించేది. ఈ మాట ఆయనతో ఎప్పుడూ అనలేదనుకోండి.

చివరికి కృష్ణ ఒడ్డుకు చేరేవాళ్లం. వానాకాలమైతే ఘాట్ మెట్లు సగం నీళ్లలో ఉండేవి, ఎండాకాలమైతే ఇసక తిన్నెలు కనపడేవి. కాసేపు కూర్చుని, బ్యారేజీ దగ్గర కాలువల తలుపులుండే చోటికి వెళ్లేవాళ్లం. విజయవాడ ఊళ్లోంచి పోయే మూడు కాలువలూ దుర్గమ్మ కొండ కింద, ఆ ఒక్క చోటే నదిలోంచి విడిపోతాయి. మా అమ్మాయికి ఆరేళ్లప్పుడు ఒకసారి అక్కడ నిలబడి, "తాతయ్యా, నేను తప్పిపోతే?" అని అడిగింది.

"తప్పిపోతే ఏడవకూడదు. కాలువ ఎటుందని అడుగు. కాలువలో ఒక పుల్ల వెయ్యి. పుల్ల ఎటు పోతే నువ్వు దానికి ఎదురు నడువు. బందరు కాలువ గానీ, ఏలూరు కాలువ గానీ, రైవస్ కాలువ గానీ, ఏదైనా సరే ఇక్కడికే తెస్తుంది. ఇక్కణ్ణుంచి ఇల్లు నీకు తెలుసుగా?"

"ఓ, తెలుసు."

"చాల్లెండి మావయ్యగారూ! చిన్నపిల్లను కాలువగట్టున నడవమంటారా? పోలీస్ స్టేషన్‌కి వెళ్లమని చెప్పండి," అన్నాను నేను.

"పోలీస్ స్టేషన్‌ని ఇంకో బిల్డింగులోకి మార్చేస్తారమ్మా. కాలువని ఎవరు మారుస్తారు?"

చిన్నప్పుడు ఆయన బెల్లం పడవల వెంట బెజవాడకు వచ్చేవారట. నీళ్లు దిగువకు పోతుంటే మనుషులు గట్టు మీద నడుస్తూ, పడవను తాళ్లతో ఎదురు లాగేవారట. ఎదురు నడిచినవాడు కొండ కిందికి చేరతాడన్నది ఆయన పుస్తకంలో చదివింది కాదు, కాళ్లతో నేర్చుకున్నది. మా అమ్మాయి ఎప్పుడూ తప్పిపోలేదు. తప్పిపోయింది ఆయన.

మొదట అది తప్పిపోవడంలా కనపడలేదు. ఒకరోజు పాత బెల్లం కొట్టులోకి వెళ్లి తను కూర్చునే చోట కూర్చున్నారు. అది అప్పటికే ప్లాస్టిక్ సామాన్ల కొట్టయింది. వాళ్లు మర్యాదస్తులు, కాఫీ తెప్పించి, మాకు కబురు చేశారు. తర్వాత మా వీధి పేరు మర్చిపోయారు. ఆపైన రోడ్డు వెడల్పు చేస్తామని మునిసిపాలిటీవాళ్లు ఇళ్ల ముందు అరుగులు కొట్టేశారు. జ్ఞాపకం బాగున్నవాళ్లమే మా వీధి మలుపు గుర్తుపట్టలేక ముందుకు పోయేవాళ్లం. అరుగుల్ని బట్టి ఊరు తెలిసిన ఆయన గతేమిటి?

అయినా రోజూ పొద్దున కాఫీ తాగి ఒక్కరూ బయల్దేరేవారు. ఒక్కోసారి చాలా ఆలస్యమయ్యేది. చెప్పుల నిండా దుమ్ముతో వచ్చేవారు. "ఎక్కడికెళ్లారు?" అంటే, "ఏమోనమ్మా, కాలువ కనపడింది, వచ్చేశాను," అనేవారు. ఇంటి నంబరు పోయింది, మనవరాలు చదివే క్లాసు పోయింది, భార్య చనిపోయిందన్న సంగతి కూడా అప్పుడప్పుడూ పోయేది. నీళ్లకు ఎదురు నడవాలన్నది మాత్రం పోలేదు.

ఆయన్ను బయటికి పోనివ్వాలన్న నా వాదనకు అదే బలం. మా ఆయన వడ్రంగిని పిలిచి వీధి తలుపుకు లోపలివైపు గొళ్లెం, తాళం పెట్టించారు.

"ఒకరోజు బస్సు కింద పడతారు. అప్పుడు ఏడుద్దువుగాని," అన్నారు.

"ఇంట్లో కూర్చోబెడితే మంచం మీంచి పడతారు. అప్పుడు మీరేడవండి."

"నీకు ప్రతిదీ వాదనే."

"మరి మీకు ప్రతిదీ తాళమా? బతికినన్నాళ్లూ ఊళ్లో నడిచిన మనిషండీ. దారి తెలుసు ఆయనకి. రోజూ తిరిగొస్తున్నారా లేదా?"

తాళంచెవి నేను తీసుకుని బొడ్లో దోపుకున్నాను. మామగారు నడిచినంతకాలం నడవనివ్వాలని నా పంతం. ఒక మనిషికి మిగిలింది ఆ ఒక్కటే అయినప్పుడు, భద్రం పేరు చెప్పి దాన్ని కూడా లాక్కుంటే, ఇక మనం కాపాడేది ఎవర్ని? ఇప్పటికీ నా అభిప్రాయం అదే.

మే నెలలో ఒకరోజు ఆయన తిరిగి రాలేదు. మధ్యాహ్నం అన్నాలవేళ దాటింది. పెనం మీద వేసినట్టు ఎండ కాలుస్తోంది. మా ఆయన ఆఫీసు నుంచి స్కూటరు మీద వచ్చారు.

"కాలువ ఎక్కడుంటే అక్కడే ఉంటారు. మీరు బందరు కాలువ వెంట వెళ్లండి, నేను ఏలూరు కాలువ వెంట వెళ్తాను. దొరక్కపోతే రైవస్ కాలువ చూద్దాం," అన్నాను. పిల్లను పక్కింట్లో దించి ఆటో ఎక్కాను. గట్టు పక్కనే మెల్లగా పోనిమ్మని డ్రైవరుకు చెప్పి, కాలువలోకి తొంగి చూశాను.

కాలువలో నీళ్లు లేవు. అడుగున పాచిపట్టిన మడుగులు, వాటిలో గుర్రపుడెక్క, ప్లాస్టిక్ సంచులు. పంటలు కోశాక ఎండాకాలంలో కాలువలు కట్టేస్తారని, మళ్లీ జూన్‌లో గానీ వదలరని కృష్ణా జిల్లాలో తెలియనివాళ్లుండరు. ఆయనకూ ఒకప్పుడు బాగా తెలుసు. బస్సుల గురించి, ఎండ గురించి, దొంగల గురించి ఇంట్లో అంత వాదించుకున్నామే, నీళ్లు ఆగిపోతాయన్న ముక్క మా ఇద్దరి నోటా రాలేదు.

గుణదల వైపు ఒక వంతెన దగ్గర ఆయన కనపడ్డారు. చేపలమ్మే ఒకామె గోనెపట్టా నీడలో, బోర్లించిన ప్లాస్టిక్ ట్రే మీద, తలమీద తడిగుడ్డతో కూర్చుని ఉన్నారు. కళ్లు కాలువ మీదే ఉన్నాయి.

"నీ మనిషేనా అమ్మా?" అంది ఆమె, నేను ఆటో దిగీ దిగకముందే.

"మా మావగారు."

"బానే ఉంది సంబడం! పొద్దుట్నుంచి ఇక్కడే. పొమ్మంటే పోడు. నీళ్లు కదలనీ, పోతానంటాడు. జూన్ దాకా కదలవు పెద్దాయనా అంటే, పర్లేదమ్మా ఆగుతానన్నాడు. కోడలు తరిమేసిందేమో అనుకున్నా."

"తరమలేదు."

"మరి ఈ ఎండలో ఒక్కణ్ణే ఎట్టా వదిలావు?"

నోరుగల దాన్నని ఊళ్లో నాకు పేరు. నేను వంగి ఆయన తలమీద గుడ్డ సర్దాను.

"మజ్జిగ తాగించా. ఐసు నీళ్లు తలమీద పోశా. కాస్త నీసు వాసనొస్తాడు, ఏవనుకోమాక," అని, ఆమె మళ్లీ చేపల మీద ఈగలు తోలుకోసాగింది. నేను ఆమెకు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాను. "ఛ, ఊరుకో," అంది.

"మావయ్యగారూ," అన్నాను. ఆయన తిరిగి నా ముఖంలోకి చాలాసేపు చూశారు. "పుల్ల వేశానమ్మా. ఎటూ పోవట్లేదు," అన్నారు.

ఆ రాత్రి ఆయన ముందే మేము వాదించుకున్నాం. "ఇంకా ఏం మాట్లాడతావు?" అన్నారు మా ఆయన. నేను మాట్లాడాను. జూన్‌లో నీళ్లు వదిలేదాకా తాళం వేద్దాం, వదిలాక మళ్లీ వెళ్లనిద్దాం అన్నాను. ఏటా కాలువలకు సెలవు, ఈయనకూ సెలవు. ఇందులో అర్థం లేనిదేముంది? మా ఆయన తల పట్టుకున్నారు.

మంచం మీద పడుకున్న మామగారు లేచి కూర్చున్నారు.

"ఇంక వద్దమ్మా. తాళం వేసెయ్," అన్నారు.

"మీరు తిరిగొచ్చేవారు మావయ్యగారూ. నీళ్లుంటే వచ్చేవారు."

"నీళ్లదేం లేదు. అక్కడ నించున్నంతసేపూ ఇల్లు ఎటో తెలీలేదు, సరే. కాసేపయ్యాక, నాకు ఇల్లుందన్న సంగతే తోచలేదు. ఊరికే నీళ్ల కోసం నించున్నా. నువ్వొచ్చి మావయ్యగారూ అన్నావు చూడు, అప్పుడు అనిపించింది, ఎవరో ఉన్నారు నాకు అని." కాళ్లు మంచం మీదికి తీసుకున్నారు. "భయమేసిందమ్మా. ఇంక వెళ్లను."

ఆయన కోసమే ఇన్నాళ్లూ వాదించాను. ఆయనే వద్దన్నాక ఎవరితో వాదించను? బొడ్లోంచి తాళంచెవి తీశాను. మా ఆయన అందుకోబోయారు. ఇవ్వలేదు. వెయ్యాల్సివస్తే నేనే వేస్తానన్నాను.

కొన్నాళ్లు ఆదివారాలు నా చెయ్యి పట్టుకుని మాతోపాటు ఒడ్డు దాకా వచ్చేవారు. ఇప్పుడు ముందు నడిచేది మా అమ్మాయి. ఏ అరుగు మీద ఎవరు పడుకునేవారో, ఏ కిటికీలోంచి బుట్ట దిగేదో అదే ఆయనకు చెబుతూ ఉండేది. అరుగులు లేకపోయినా చెప్పేది. ఆయన, "అవునా!" అని వినేవారు. తర్వాత ఒడ్డు దాకా రావడమూ మానేశారు.

తాళం మాత్రం ఆయన్ను అడగకుండా ఎప్పుడూ వెయ్యలేదు. పొద్దున కాఫీ ఇచ్చి, తలుపు దగ్గర నిలబడి, "తాళం వెయ్యనా మావయ్యగారూ?" అనేదాన్ని. "వెయ్యమ్మా," అనేవారు. ఆ మాట ఆయన అంటేనే ఆ తలుపు ఆయన మూసుకున్నది అవుతుంది. లేకపోతే మేము మూసింది అవుతుంది. మా ఆయనకిది చాదస్తంలా ఉండేది. ఉంటే ఉండనీ.

ఒకరోజు అడిగితే ఆయన పలకలేదు. చెవులు వినపడక కాదు. నా వైపు చూశారు, తలుపు వైపు చూశారు, నేను అడిగింది దేని గురించో వెతుక్కుంటున్నట్టు కాఫీ గ్లాసు వైపు చూశారు. మళ్లీ అడిగాను. వీధిలో రిక్షా బండి బెల్లు, కూరలమ్మే ఆమె కేక వినిపిస్తున్నాయి. ఆ కాఫీ చల్లారేదాకా నిలబడ్డాను. ఆ తర్వాత తాళం నేనే వేశాను.