గాలి చూసే పిన్ని

మా పిన్ని గుమ్మం దాటగానే పైట చెంగు రెండు వేళ్లతో పట్టుకుని గాలిలోకి వదిలి చూసేది. అది ఎగిరే తీరును బట్టి గాలి ఎటో, ఎంతో చెప్పేది. వాళ్ల నాన్నది యానాంలో తెరచాప పడవ. ఆడపిల్లను చేపల వేటకు తీసుకెళ్లరు కనుక, పడవ తిరిగొచ్చేదాకా ఒడ్డున నిలబడి గాలిని చూడడమే ఆవిడ వంతు.

ఒకసారి సముద్రపొడ్డున చవక రిసార్టులో విండ్‌సర్ఫింగ్ నేర్చుకుందామని వెళ్తూ ఆవిడనూ వెంటబెట్టుకెళ్లాను. ఏసీ ఉందా అని అడిగితే కిటికీ తెరిచి చూపించే రిసార్టు అది. బోర్డుకు బిగించిన తెరచాప పట్టుకుందామని ఎక్కిన నేను, ప్రతిసారీ నీళ్లమీద చాపలా పరుచుకున్నాను.

"గాలి లాగినప్పుడు నువ్వూ లాగుతావేంట్రా? కాస్త వదలాలి!" అని పిన్ని ఒడ్డు నుంచి అరిచింది.

"అంత తెలిస్తే నువ్వే ఎక్కు," అన్నాను ఉక్రోషంగా.

ఆ మాట కోసమే అరవై ఏళ్లుగా కాచుకున్నట్టు ఆవిడ చీర బిగించి, లైఫ్ జాకెట్ తొడుక్కుంది. పడవకు మొక్కినట్టే బోర్డుకు మొక్కి ఎక్కింది. రెండుసార్లు పడింది. మూడోసారి తెరచాపను కాస్త లాగుతూ, కాస్త వదులుతూ, ఒడ్డు వెంబడి, హద్దుగా పాతిన ఎర్రజెండా దాకా నిలబడే వెళ్లింది. కనబడ్డవాళ్లందరికీ "మా పిన్నండీ" అని చెప్పుకుంటూ నేను ఒడ్డున పరుగెత్తాను.

"పడవల్లో తిరిగేవారా ఆంటీ?" అని ట్రైనర్ అడిగాడు.

"నన్నెవరు ఎక్కించుకున్నారు బాబూ? ఇదే మొదలు," అంది పిన్ని జుట్టు పిండుకుంటూ. "సరేగానీ, దీన్ని వెనక్కి తిప్పడం ఎలాగో చెప్పు."