వెర్మెంతీనోకు ఇరవై ఒక్క రోజుల ఎండ

ఒక పెద్దమనిషి ఆఖరి పంటను నా రెండు చేతులతో, ఒక్కరోజు కూడా నాగా పెట్టకుండా, ఎంతో శ్రద్ధగా సర్వనాశనం చేశాను. ఏదో తొందరపాటులో జరిగిందని చెప్పుకోవడానికి కూడా వీల్లేదు. 1992 జూన్ ఒకటి నుంచి ఇరవై ఒకటి వరకు, రోజుకు ఆరేసి గంటలు పట్టింది. ఆ వివరమంతా ఆనాటి క్యాలెండరు మీద నా చేతిరాతలోనే ఉంది. బుకాయించడానికి దారి లేదు.

అప్పట్లో మేం ఒమన్‌లో, సోహార్‌లో ఉండేవాళ్లం. మావారు ఒక కంపెనీలో ఇంజినీరు. ఆయనతో పనిచేసే సాండ్రో ఇటలీవాడు, సార్డీనియా అనే దీవిలో పుట్టినవాడు. వాళ్ల నాన్నకు అక్కడ సముద్రం ఒడ్డున చిన్న ద్రాక్షతోట ఉండేది. అంతకుముందు ఏడాది కోత ముగించి, ద్రాక్షను తొట్టెకెక్కించి, అక్టోబరులో ఆయన కన్నుమూశాడు. ఆ కోతతో చేసిన వైను రెండు సీసాలు సాండ్రోకు చేరాయి. మే నెలలో ఒక శుక్రవారం ఆ రెండూ పట్టుకుని మా ఇంటికి భోజనానికి వచ్చాడు.

ఒకటి తెరిచాడు. నేను అంతవరకు వైను ముట్టినదాన్ని కాను. కానీ గ్లాసులో దాని రంగు చూశాక ఆగలేకపోయాను. లేత ఎండుగడ్డి రంగు, అంచున కాస్త ఆకుపచ్చ ఛాయ. కొలిచి రెండే రెండు చెంచాలు పుచ్చుకున్నాను. మొదట నిమ్మతొక్క గిల్లినట్టు వాసన. ఆ వెనక పండీపండని బేరిపండు. మింగాక, సముద్రపు గాలిలో కూర్చుని పెదవులు తడుపుకున్నట్టు సన్నని ఉప్పదనం. అన్నీ అయిపోయాయనుకున్నాక, పచ్చి బాదంపప్పు కొరికినట్టు చిరుచేదు. ఒక్క ద్రాక్షపండులో ఇన్ని గదులున్నాయా అని నోరు తెరిచాను.

"దీని పేరు వెర్మెంతీనో, సిన్యోరా," అన్నాడు సాండ్రో. "దీనికి పొద్దున్నుంచీ ఎండ తగలాలి, గాలి కొట్టాలి, రాతినేల కావాలి, ఎదురుగా సముద్రం కనబడాలి. ఏది తక్కువైనా అలుగుతుంది."

"అచ్చం మా పెద్దబావగారే," అన్నారు మావారు.

రెండో సీసా నా చేతికిచ్చి సాండ్రో గొంతు తగ్గించాడు. "నన్ను ఇబ్రా దగ్గర సైటుకు పంపుతున్నారు. అక్కడ రూమ్‌లో ఏసీ ఒకరోజు ఉంటే ఒకరోజు ఉండదు. అక్టోబరులో నాన్న పోయి ఏడాది. ఆ రోజు ఇది మీ ఇంట్లో తెరుద్దాం. ఆయన చేతిది ఇంక ఇదొక్కటే. ఫ్రిజ్‌లో కింది అరలో పెట్టండి, చాలు. ఏ డబ్బా మీద చూసినా తేదీ వేసి ఉంచే ఇల్లు ఇదొక్కటే, అందుకే మీకిస్తున్నాను."

చాలు అన్నాడు గదా, అక్కడితో ఊరుకోవాలా వద్దా? నేను ఊరుకోలేదు. ఆ రెండు చెంచాల రుచి వారం రోజులు నా నాలుక మీద తిరిగింది. పులుపు బాగుంది, ఉప్పు బాగుంది, ఆ చివరి చేదు ఒక్కటే ఇంకా పచ్చిగా ఉంది. ఈ మూడూ ఒకచోట నేనెక్కడ ఎరుగుదును? నిమ్మకాయ ఊరగాయలో! నాలుగో రోజున జాడీలో రుచి సరిగ్గా ఇదే. తర్వాత ఎండ పడితే చేదు విరుగుతుంది. పాపం ఆ పెద్దాయన పని పూర్తికాకుండానే పోయాడు, మిగతాది మనం పూర్తి చేద్దాం అనుకున్నాను. నా మంచితనం చూశారా!

జూన్ ఒకటిన సీసాను డాబా ఎక్కించాను. సోహార్ ఎండంటే మామూలుది కాదు, ఆరేసిన చీర రెండో కొసకు పిన్ను పెట్టేలోపే ఎండిపోయేది. ఉదయం తొమ్మిది నుంచి మూడు వరకు గంటకోసారి సీసాను పావువంతు తిప్పేదాన్ని, అన్నివైపులా సమంగా కాగాలని. రోజుకు ఆరు, ఇరవై ఒక్క రోజులకు నూట ఇరవై ఆరు. తొమ్మిదో రోజున బిరడా తల పైకెత్తింది. ఊరుతోందని సంబరపడి, బొటనవేలితో లోపలికి నొక్కి, జాడీకి కట్టినట్టే తెల్లగుడ్డతో వాసెన కట్టాను.

కంపెనీ డ్రైవరు మల్లేశం, కరీంనగర్ మనిషి, నీళ్ల డబ్బాలు పైకి మోసుకొచ్చి అది చూశాడు.

"అమ్మా, గిది సాండ్రో సార్ది గాదా? గీ ఎండల ఎందుకు వెట్టిన్రు?"

"నిమ్మకాయ ఫ్రిజ్‌లో పెడితే ఊరుతుందా మల్లేశం?"

"ఊరదు. గని గిది నిమ్మకాయ గాదు గదమ్మా."

"పులుపు పులుపే!"

"మా ఊర్ల కల్లు ఎండల వెడితె, మాపటీలకు ఆ ముంత దిక్కు కుక్క గూడ పోదమ్మా."

"కల్లుకీ దీనికీ పోలికేమిటయ్యా? ఇది ఇటలీ నుంచి వచ్చింది!"

"ఇటలీకి గూడ సూర్యుడు గా ఒక్కడే గదా," అని డబ్బాలు దింపాడు. "మీ ఇష్టం. నేనైతే సూడలే."

ఇరవై రెండో రోజున గుడ్డ విప్పి సీసాను మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టాను. మావారు ఫ్రిజ్‌లో మంచినీళ్ల సీసా తప్ప ఇంకేదీ చూడరు కాబట్టి ఆయనకేమీ తెలియదు.

అక్టోబరులో సాండ్రో తెల్లచొక్కా వేసుకుని వచ్చాడు. నాన్న ఫొటో ఒకటి తెచ్చి బల్ల మీద నిలబెట్టాడు. బిరడా లాగి గ్లాసులో పోశాడు. బెల్లం పాకం రంగు! వాసన చూస్తే వానలో తడిసిన అట్టపెట్టెలో కిస్‌మిస్‌లు మరిగించినట్టుంది. సాండ్రో ఒక గుక్క తాగాడు. అతని ముఖంలో కనుబొమ్మలు తప్ప ఏదీ కదల్లేదు.

"ఫ్రిజ్ పాడైందా?" అడిగాడు మెల్లగా.

అబద్ధం చెబుదామా అనుకున్నాను. కానీ ఫొటోలోంచి ఆ పెద్దాయన నన్నే చూస్తున్నాడు. మొత్తం చెప్పేశాను. డాబా, పావువంతులు, వాసెన, ఏదీ దాచలేదు.

"నూట ఇరవై ఆరు సార్లు?" అన్నాడు సాండ్రో.

"లెక్క తప్పదు," అన్నాను ఏడుస్తూ.

"అందులో మాత్రం తప్పదు," అన్నారు మావారు.

సాండ్రో ఫొటో వైపు తిరిగాడు. నవ్వు అతని భుజాల్లో మొదలై పొట్టలోకి దిగి కళ్లనీళ్లయింది. "సిన్యోరా, ఎండ తగలాల్సింది చెట్టు మీద ఉన్నప్పుడు! సీసాలోకి వచ్చాక నాన్న దాన్ని చీకట్లోనే దాచేవాడు. దాని అందమంతా కుర్రదనంలోనే ఉంటుంది. మీరు మూడు వారాల్లో దానికి ముసలితనం తెప్పించారు." కళ్లు తుడుచుకుని మళ్లీ గ్లాసు ఎత్తి చూశాడు. "పారబోయడానికి మాత్రం నాకు చేతులు రావు."

పొయ్యి మీద వంజరం చేప పులుసు మరుగుతోంది, చింతపండు ఇంకా పిసకలేదు. గ్లాసులోంచి పుల్లని వాసన ముక్కుకు తగలగానే నాకో ఆలోచన తట్టింది. ఈసారి మాత్రం ముందు అడిగాను. "పొయ్యండి," అన్నాడు. చింతపండు మానేసి సీసా మొత్తం పులుసులో పోశాను. ఉల్లిపాయ, కారం, ఆవపిండి, వాటి మధ్య ఆ పెద్దాయన తోట. మేం ముగ్గురం చేతులతో కలుపుకుని తిన్నాం. సాండ్రో నాలుగుసార్లు వడ్డించుకున్నాడు. "నాన్న దీన్ని చేపతోనే తాగమనేవాడు. ఇప్పుడు తనే చేప లోపలికి వెళ్లిపోయాడు," అన్నాడు.

నేను చేసిందంతా సాండ్రో వాళ్లమ్మకు ఉత్తరం రాశాడు. నెలకు జవాబొస్తే తెచ్చి చదివి వినిపించాడు: "ఆ మహాతల్లిని మన తోట ఛాయలకు రానివ్వకు. ఆ పులుసు ఎలా చేసిందో మాత్రం కొలతలతో సహా రాయించి పంపు."

పంపాను. కొలతల్లో మొదటి వరస ఇలా రాయాల్సి వచ్చింది: మీ భర్త ఆఖరి పంట, ఒక సీసా.

ఆ కాగితం మడిచిపెట్టి, తూర్పుకు తిరిగి, సూర్యభగవానుడి సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను: స్వామీ, వడియాలు, అప్పడాలు, మిరపకాయలు తప్ప ఇకమీదట నీ పనిలో జోక్యం చేసుకోను. ఇంకేదైనా నీ ఎదుట పెట్టాలంటే ముందు మల్లేశాన్ని అడుగుతాను.