నేను వేయించిన ఇనుప కమ్మీలు

మొన్న మా వీధి చివర ఎవరో గేటు అతికిస్తుంటే వెల్డింగు పొగ ముక్కుకు తగిలింది. కాలిన ఇనుము వాసన నాకు పడదు. అది వచ్చినప్పుడల్లా నూకాలమ్మ గుర్తుకొస్తుంది. నాకు జీతం ఇచ్చింది ఆఫీసైతే, పని నేర్పింది ఆ ఆఫీసు తరఫున వీధుల్లో చీపురు పట్టిన ఆమె. ఈ మాట ఆమె బతికుండగా ఒక్కసారీ అనలేకపోయాను.

అప్పుడు నేను అనకాపల్లి మున్సిపాలిటీలో కొత్తగా చేరిన వర్క్ ఇన్‌స్పెక్టర్ని. జేబులో టేపు, నెత్తిమీద గర్వం. బెల్లం మార్కెట్ వైపు వెళ్లే రోడ్డులోని బస్సు షెల్టరు నా పరిధిలోది. అందులో మూడు పొడవాటి ఇనుప బెంచీలు ఉండేవి. ఒకదాని మీద అప్పన్న అనే ముసలాయన పడుకునేవాడు. చెరకు నరికీ నరికీ నడుం పోయి, ఇల్లన్నది లేక అక్కడే ఉండిపోయాడు. నూకాలమ్మ పొద్దున్నే వచ్చి షెల్టరంతా ఊడ్చి, ఆయన బెంచీని ఆఖరికి మిగిల్చేది. చీపురు మొదలుతో బెంచీ కాలిమీద రెండుసార్లు తట్టి, "లెగు అన్నా, నీల్లు సల్లాల" అని, ఆయన దుప్పటి మడత పెట్టేదాకా నిలబడేది. ఈ ఆలస్యానికి నేను చాలాసార్లు విసుక్కున్నాను.

"తొంగున్నోడి మీద నీల్లెలా సల్లమంటావు బాబూ? నువ్వయితే సల్లుతావేటి?" అనేది. నేను టేపు తీసి ఏదో ఒకటి కొలిచేవాణ్ణి.

షెల్టర్లలో ఎవరూ పడుకోకుండా చూడమని పైనుంచి మాట వచ్చింది. బెంచీల మీద అడ్డంగా కమ్మీలు వేయిద్దామన్న తెలివి మాత్రం నాదే. మెచ్చుకుంటారని ఆశ. ఒక మనిషికి ఎంత చోటు కావాలో తేల్చడానికి నేనే కూర్చుని కొలుచుకున్నాను. అప్పట్లో గాలేస్తే ఎగిరిపోయేలా ఉండేవాణ్ణి. ఆ కొలతతోనే కమ్మీలు అతికించాం. అప్పన్న మూట సర్దుకుని వెళ్లిపోయాడు. ఎక్కడికని నేను అడగలేదు.

మర్నాడు మధ్యాహ్నం పూడిమడక ఆడవాళ్లు చేపలమ్ముకుని, తిరుగు బస్సు కోసం వచ్చారు. ఆ కమ్మీల మధ్య పట్టక గంపలతో సహా నేలమీద చతికిలబడ్డారు. బాలింత ఒకామె బిడ్డను ఒళ్లో సర్దుకోవడం కుదరక లేచి నిలబడింది. బెంచీలు మాత్రం ఖాళీగా మెరుస్తున్నాయి. నూకాలమ్మ చీపురు ఆపి చూసింది.

"ఒక్క ముసిలోడ్ని లేపడానికి ఊరందర్నీ లేపేసేవు బాబూ."

"రూలు అలా ఉంది," అన్నాను.

"రూలు కూకోదు గదా! కూకునేది మనుసులు."

నాకు కోపం వచ్చింది. నిజం కాబట్టే వచ్చింది.

ఆ ఎండాకాలం ఒక పగటిపూట ఊడుస్తూ ఊడుస్తూ నూకాలమ్మే పడిపోయింది. ఒళ్లు కాలిపోతోంది. నేనూ ఇద్దరు చేపలామెలూ ఆమెను ఎత్తి, షెల్టరు నీడలోకి, బెంచీ దగ్గరికి తెచ్చాం. పడుకోబెట్టడానికి లేదు. నా కమ్మీలున్నాయి. చేతుల్లో మనిషితో ముగ్గురం అలా నిలబడిపోయాం. చివరికి నేలమీదే పడుకోబెట్టి, ఆటో వచ్చేదాకా ఆమె తల నా ఒళ్లో పెట్టుకున్నాను. ముఖం మీద నీళ్లు చల్లితే కళ్లు తెరిచింది. నా ముఖం చూసి, "ఏడవకు బాబూ, ఊడిసిన నేలే," అంది. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆమె కోలుకుంది. ఆమె మళ్లీ పనిలోకి వచ్చేలోగా నేను గ్యాస్ కట్టరు తెప్పించి కమ్మీలన్నీ కోయించేశాను. ఎవరి అనుమతితో తీయించావని మెమో ఇచ్చారు. "కొలత తప్పు, తప్పు నాది" అని రాసిచ్చాను. అప్పన్న కోసం పాయకరావుపేట దాకా వెళ్లి వాకబు చేశాను. దొరకలేదు.

ఇప్పుడు నా కింద నలుగురు ఇన్‌స్పెక్టర్లున్నారు. ఎక్కడ కొత్త బెంచీ వేసినా, పని పూర్తయిందని సంతకం పెట్టేముందు దాని మీద ఒకసారి వెల్లకిలా పడుకుంటాను. కాంట్రాక్టర్లు చాటుగా నవ్వుకుంటారు. నవ్వుకోనీ. కాళ్లు చాపడానికి చోటు చాలకపోతే నేను సంతకం పెట్టను.