మోదుగాకు చుట్టిన తుపాకి: మా దేవదానం అన్న

మా పెద్దన్న దేవదానం మొన్న ఆదివారం ఉదయం ప్రభువునందు నిద్రించాడు. దవాఖాన నుంచి వదిన ఫోన్ చేసేసరికి నేను మొయినాబాద్ అంగడిలో కొత్తిమీర బేరమాడుతున్నాను. ‘మీ అన్న పోయిండు’ అన్నది. ఆ మాట విని కట్ట చేతిలోనే పట్టుకొని, పైసలివ్వకుండా ఇంటికి నడిచి వచ్చానట. పుట్టినవానికి మరణం అనివార్యమని ఉద్యోగమంతా పిల్లలకు తెలుగు పాఠాల్లో చెప్పినవాణ్ని. ఆ జ్ఞానం ఆ పూట నాకు ఎందుకూ కొరగాలేదు.

సురంగల్‌లో అన్నను ఎరుగనివారు అరుదు. ఆజానుబాహువు, గంభీరస్వరుడు, సంఘపెద్ద, కూరగాయల రైతు. కుడికన్ను లేదు, ఎడమచేతికి రెండు వేళ్లు లేవు. పరామర్శకు వచ్చిన పెద్దమనుషులు ‘చీమకైనా అపకారం తలపెట్టని పుణ్యాత్ముడు’ అంటున్నారు. అన్న వింటే పొట్ట పట్టుకొని నవ్వేవాడు. చీమల సంగతి నాకు తెలియదు కానీ జింకలను మాత్రం కొట్టాడు. పంటమీద పడే అడవిపందులను బెదిరించడానికి ఇచ్చిన లైసెన్సు తుపాకితోనే కొట్టాడు. చట్టం దాన్ని ఒప్పదు, నేనూ ఒప్పలేదు. ఒప్పకుండానే తిన్నాను.

ఆ మాటా ఆయన దాచనిచ్చేవాడు కాదు. ఒకసారి నేను అహింస గురించి పెద్ద ఉపన్యాసమే దంచాను. అంతా ఓపికగా విని, ‘పొద్దుగాల బళ్లె జింకపిల్ల పద్యం జెప్తవు, మాపటీలి గిన్నె వట్టుకొని మా ఇంటికొస్తవు. ముందుగాల గిన్నె ఇంటికాడ వెట్టిరా తమ్మీ, తర్వాత మాట్లాడుదాం’ అన్నాడు. వదిన కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. నేను గిన్నె మాత్రం వదలలేదు.

ఆయన తుపాకి భర్మార్. గొట్టం మూతిలోంచి మందు పోసి, గుడ్డపేలిక కూరి, సీసపు గుండ్లు వేసి ఇనుపకడ్డీతో దట్టించాలి. చివర నిప్పు పుట్టించే చిన్న టోపీ పెట్టాలి. ఒకసారి పేలితే మళ్లీ నింపేలోగా జింక చిలుకూరు అడవిలో ఉంటుంది. అందుకే అన్నకు ఒక నియమం ఉండేది: వేటకు పోయిన రోజు ఒక్కటే దెబ్బ, తప్పితే ఇంటికి. ‘ఒక్క దెబ్బ మనది, పరుగు దానిది. గంతకంటె ఎక్కువ ఆశపడితే దేవుడు సూత్తడు’ అనేవాడు. మాంసం ఏనాడూ అమ్మలేదు, పంచిపెట్టాడు. ఆ నియమంతో పాపం సగమై పోతుందని ఆయన నమ్మకం. నాకు ఆ లెక్క ఏనాడూ కుదరలేదు.

కొడుకు సామ్యేలుకు పదహారేళ్లు రాగానే వెంట తీసుకుపోవడం మొదలుపెట్టాడు. వద్దని వదినా నేనూ మొత్తుకున్నాం, వినలేదు. అడుగు ఎట్ల వేయాలి, గాలి ఎటు వీస్తున్నదో ఎట్ల పసిగట్టాలి అన్నీ నేర్పాడు. అన్నిటికంటె ముందు ఆకు సంగతి నేర్పాడు. భర్మార్‌ను చూసి లోపల మందు ఉన్నదో లేదో చెప్పలేము. అందుకని నింపిన వెంటనే గొట్టం మూతికి మోదుగాకు చుట్టి దారంతో కట్టేవారు. ఆకు ఉంటే మందు ఉన్నట్టు, లేకుంటే ఖాళీ. మా తాతలనాటి పద్ధతి అది, ఏనాడూ మోసం చేయలేదు.

ఒకనాటి వేకువన అన్న చేతిలో ఆ తుపాకి పగిలింది. రక్తసిక్తమైన తండ్రిని సామ్యేలు వీపున వేసుకొని రోడ్డుదాకా మోసి, చేవెళ్ల నుంచి పట్నం పోయే టమాటల వ్యాన్ ఆపి దవాఖానకు చేర్చాడు. విచారణకు వచ్చినవారికి అన్న ఒకటే మాట చెప్పాడు: ‘నేనే రెండుసార్లు మందు దట్టించిన. యాది మరిచిన.’ తుపాకి పోయింది, వేట పోయింది, ఊళ్లో ఆయనకు ‘యాదిమరుపు దేవదానం’ అన్న పేరు మిగిలింది. పిల్లలు సైతం ఆ పేరుతో ఆటపట్టించేవారు. ఆయన వారితో కలిసి నవ్వేవాడు. సామ్యేలు ఎన్నడూ నవ్వలేదు. చర్చిలో అయినా భోజనాల దగ్గరైనా తండ్రికి కన్నులేని వైపే కూచునేవాడు. తండ్రికి కాపుగా కూచుంటున్నాడని మేమంతా మురిసిపోయేవాళ్లం.

పోయిన నెల దవాఖానలో, సామ్యేలు మందుల కోసం కిందికి దిగినప్పుడు, అన్న నన్ను దగ్గరికి పిలిచాడు. ‘తమ్మీ, ఆనాడు రెండోసారి నింపింది పోరడు. తప్పు మాత్రం నాది’ అన్నాడు. జరిగిందంతా తానే చెప్పుకొచ్చాడు.

ఆనాడు అన్న ముందుగా చేను చేరి, మందు దట్టించి ఆకు చుట్టాడు. జింకలు కనబడగానే ఆకు విప్పాడు. అవి పొదల చాటుకు జారుకున్నాయి. తుపాకిని గట్టుకు ఆనించి, అవి ఎటు పోయాయో చూడడానికి నాలుగడుగులు ముందుకు పోయాడు. ఆకు మళ్లీ చుట్టలేదు. వెనక వచ్చిన సామ్యేలు ఆకులేని తుపాకిని చూశాడు. బాపు మెచ్చుకుంటాడని తానే మందు పోసి దట్టించి, శ్రద్ధగా కొత్త ఆకు చుట్టి పెట్టాడు. కడ్డీ ఎప్పటికంటే కొంచెం పైనే ఆగినా ఆ ఉత్సాహంలో గమనించలేదు. తిరిగివచ్చిన తండ్రికి ఆకు ఉండవలసిన చోటనే కనబడింది.

‘వానికి జెప్పవా?’ అన్నాను.

‘వాడు గది ఎప్పుడో మరిచిండు. పుండు గెలుకుడు ఎందుకు? నువ్వు గూడ జెప్పకు’ అన్నాడు.

మూడోనాటి ప్రార్థనలో చర్చి అయ్యగారు వాక్యం ముగించాక, ఒకాయన ‘యాదిమరుపు తప్ప ఏ లోపం లేని మనిషి’ అన్నాడు. అందరూ ఏడుపు మధ్యలోనే నవ్వారు. సామ్యేలు లేచి బయటికి పోయాడు. గండిపేట కాలేజీలో ఉద్యోగం చేసే మనిషి, పెళ్లీడుకు వస్తున్న బిడ్డకు తండ్రి, పెరటి గోడకు తల ఆనించి నిలబడ్డాడు. నేను వెనకే పోయాను.

‘చిన్నాయనా, బాపుకు యాదిమరుపు లేదు. రెండోసారి నింపింది నేను. ఆయనకు తెలుసు. నా మీది కోపాన్ని దిగమింగిండు గని ఒక్కనాడు నన్ను తిట్టలే. ఆ ఒక్క కన్నుతోని నా దిక్కు సూస్తే తట్టుకోలేకపోయేటోన్ని.’

అన్న ఆజ్ఞను మీరి, ఆకు సంగతి యావత్తూ చెప్పేశాను. ఊరట కలుగుతుందని ఆశపడ్డాను. సామ్యేలు ముఖం నల్లబడింది.

‘గిది నీకు ఎప్పుడు జెప్పిండు?’

‘పోయిన నెల, దవాఖానల.’

‘నేను గాడనే ఉన్న గదా చిన్నాయనా! దినాం మంచం పక్కనే ఉన్న. కాళ్లు ఒత్తిన, బువ్వ తినిపించిన. నీకు జెప్పిండు, నాకెందుకు జెప్పలే?’

కొడుకు మీద ప్రేమతోనే అన్న అపకీర్తిని మోశాడు, ఊరి నవ్వులపాలయ్యాడు. అటువంటి త్యాగశీలి మా వంశంలో మళ్లీ పుట్టడు. ఆయన పాదాలకు చేతులెత్తి మొక్కుతున్నాను, మొక్కుతూనే ఆయన మీద కోపంతో కాలిపోతున్నాను. సామ్యేలు ఆ ప్రశ్నను రోజూ అడుగుతున్నాడు. జవాబు చెప్పగలిగిన ఒక్క మనిషిని మేమే మోసుకుపోయి, పాటలు పాడి, మన్నులో పెట్టి వచ్చాము.