కొండ బొమ్మకు పెట్టిన బొట్టు

ఇన్నేళ్లూ ఈ మాటను గొంతు దాటనివ్వలేదు. దేవుడి ముందు కూడా పూర్తిగా చెప్పలేదు. రోజూ దీపం పెట్టి, తిండికీ నీడకీ దణ్ణం పెట్టుకుని, ఆ ఒక్కటీ దాటవేసి లేచేదాన్ని. మీరెవరో నాకు తెలియదు. అందుకేనేమో, మీకు చెప్పగలుగుతున్నాను.

చిన్నప్పుడు నా కాలు బాగుండేది కాదు. బడికి పోలేదు. అడవి అంచున ఉన్న మా ఇంట్లోనే మేనమామ నాకు చదువు చెప్పాడు. పక్క గూడెం నుంచి ముత్తమ్మ కూడా వచ్చి కూర్చునేది. నాకంటే చిన్నది, నాకంటే చురుకు.

మామయ్య దగ్గర ఒక ఇంగ్లీషు పుస్తకం ఉండేది. ఇల్లందులో ఏదో పాత బంగళా సామాను అమ్ముతుంటే కొన్నాడు. నూరేళ్లు పైబడినది. ఆ కాలంలో ఫొటోలను విడిగా కాగితం మీద ముద్రించి పేజీలకు అంటించేవారట. నదులు, లోయలు, రాళ్లగుట్టలు, అన్నీ డికాషన్ రంగులో. వాటిలో ఒకటి గోదావరి, అవతల భద్రాద్రి కొండ. భద్రాచలం అంత దగ్గర్లో ఉన్నా నేను అప్పటికి చూడలేదు. ఆ పేజీ దగ్గరే నా దర్శనం.

ఒక వానాకాలం, ముసురుకు జిగురు వదిలిందో ఏమో, వేలు తగలగానే ఆ ఫొటో ఊడి నా చేతిలోకి వచ్చింది. రాముడే ఇచ్చాడనుకున్నాను. నిజంగా అనుకున్నానా? లేక అలా అనుకోవడం నాకు వీలుగా ఉండిందా? దేవుడి గూట్లో పటాల వెనక పెట్టాను. ఎవరూ చూడకుండా దానికీ పసుపు, కుంకుమ పెట్టి, ఇచ్చినందుకు రోజూ దణ్ణం పెట్టుకున్నాను. దొంగసొత్తు ఇచ్చావని దేవుణ్ణి మెచ్చుకున్నాను.

మామయ్య ఖాళీ పేజీ చూశాడు. నన్ను అడగాలని ఆయనకు తోచనే లేదు.

“ముత్తమ్మా, గీడ కొండ బొమ్మ ఉండె. ఏడ పెట్టినవ్?”

“నేను ముట్టలే అయ్యా. నాకెందుకు కొండ బొమ్మ? మా ఇంటెనక కొండనే ఉన్నది గదా!”

నవ్వుతూనే అంది. నాకూ నవ్వొచ్చింది. మామయ్యకు రాలేదు.

“ఎకసెక్కాలు జేస్తున్నవా? రేపటి సంది రాకు.”

ముత్తమ్మ నా వైపు తిరిగింది. “అక్కా, నువ్వన్న జెప్పరాదే.”

నేను పలక తుడుస్తూ కూర్చున్నాను. తుడిచిన పలకనే మళ్లీ తుడిచాను. చెప్పినా మామయ్య నన్ను తిట్టేవాడు కూడా కాదు. మరి దేనికి భయపడ్డాను? ఆ కొండను తిరిగి ఇచ్చెయ్యాల్సి వస్తుందనా, భక్తిగల పిల్ల అన్న పేరు పోతుందనా? ఇప్పటికీ తేల్చుకోలేను.

ముత్తమ్మ చదువు గుణింతాల దగ్గర ఆగిపోయింది. వచ్చినవీ మరిచిపోయింది. మామయ్య నిజం తెలియకుండానే పోయాడు. బొట్టు మీద బొట్టు పడి ఫొటోలో గోదావరి ఎప్పుడో మాసిపోయింది. కొండ ఉన్నచోట ఎర్రటి మరక.

ఇప్పుడు ముత్తమ్మ బ్యాంకులో వేలిముద్ర వేస్తుంది. ఏ కాగితం వచ్చినా నా దగ్గరికే తెచ్చుకుంటుంది. చదివి పెట్టగానే, “నీకు పుణ్యముంటది అక్కా” అంటుంది. నేను తల దించుకుంటాను. అది నా వినయం అనుకుంటుంది.

ఇంత రాశాక ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది. అలా ఆడటానికి నేను తగినదాన్నో కాదో తెలియదు. ఎల్లుండి ముత్తమ్మ కరెంటు కాగితమేదో పట్టుకుని వస్తానంది. అది చదివాక ఇదీ చదవాలి. తనంతట తాను చదువుకోలేదు గనుక, నా నోటితో నేనే చదవాలి.